గండికోట లోయను బ్లెండర్‌లో కడుతూ: ప్రాజెక్టు డైరీ

శనివారం: ఏం కట్టాలో తేల్చుకోవడం

కడప జిల్లాలో, జమ్మలమడుగుకు దగ్గర్లో, పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారేచోట గండికోట ఉంది. ఆ లోయను బ్లెండర్‌లో, అంటే కంప్యూటర్‌లో 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌లో, కట్టాలన్నది ఈ ప్రాజెక్టు. చివరికి కావలసింది ఒకే ఒక్క బొమ్మ. కోట వైపు అంచు మీద నిలబడితే ఎదురుగా ఎర్ర రాతి గోడ, అడుగున నీళ్లు, వెనకాల మసకగా కొండల వరస. యానిమేషన్ లేదు, డ్రోన్ షాటూ లేదు.

ఈ ముక్క కాగితం మీద రాసి టేబుల్ ఎదురుగా అంటించాను. ల్యాండ్‌స్కేప్‌లు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మధ్యలో వదిలేసేది సాఫ్ట్‌వేర్ కష్టమై కాదు, ఊరంతా కట్టబోయి. ఏ పక్కనుంచి చూసినా బాగుండాలనుకుంటే లాప్‌టాపూ అలిసిపోతుంది, మనమూ అలిసిపోతాం.

సరంజామా చెప్పుకోదగ్గదేం కాదు. 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్. బ్లెండర్ 4.2 వెర్షన్. ఎత్తుల డేటా సరిచేసుకోవడానికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్. రెండూ ఉచితమే. రాళ్లకూ మొక్కలకూ పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో దొరికే మోడళ్లు, టెక్స్‌చర్లు (ఉపరితలం మీద అతికించే బొమ్మలు) వాడతాను. అక్కడివన్నీ సీసీ0 లైసెన్సు, ఎవరి పేరూ వేయకుండా ఎక్కడైనా వాడుకోవచ్చు.

ఆదివారం: నాయిస్ ఎంతవరకు

చేయి తిరగడానికి ఒక పూట కొండలు పుట్టించే ఏఎన్‌టీ ల్యాండ్‌స్కేప్ యాడ్-ఆన్‌తో గడిపాను. ఇదివరకు బ్లెండర్‌తో పాటే వచ్చేది, 4.2 నుంచి ఎక్స్‌టెన్షన్స్ లోంచి విడిగా తెచ్చుకోవాలి. ఒక బటన్ నొక్కితే కొండ లేస్తుంది. నాయిస్, అంటే లెక్కతో పుట్టించే ఎగుడుదిగుడు, రకం మార్చితే మెత్తటి గుట్టలు, పదునైన శిఖరాలు, ఇసుక దిబ్బలు.

దీని వెనకున్న లెక్క పాతదే. కెన్ పెర్లిన్ 1980ల మొదట్లో తయారుచేసిన నాయిస్‌కు 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చింది. ఒక పెద్ద అల, దాని మీద సగం సైజు అల, దాని మీద మళ్లీ సగం, ఇలా పేర్చుకుంటూ పోతే కొండలాంటిది వస్తుంది. బ్లెండర్ నాయిస్ టెక్స్‌చర్‌లో డీటెయిల్ అనే అంకె ఎన్ని అలలు పేర్చాలో చెబుతుంది, రఫ్‌నెస్ అనేది చిన్న అలలకు ఎంత బలం ఇవ్వాలో చెబుతుంది. ఈ రెండూ అర్థమైతే మిగతా స్లయిడర్లకు భయపడక్కర్లేదు. 4.0 దాకా మస్‌గ్రేవ్ అని వేరే నోడ్ (ఒక్కో పని చేసే చిన్న పెట్టె) ఉండేది. ఇప్పుడది నాయిస్ నోడ్‌లోనే కలిసిపోయింది. పాత వీడియోలు చూసి ఆ నోడ్ కోసం వెతికి టెన్షన్ పడొద్దు.

కానీ గండికోటకు నాయిస్ సరిపోదు. నాయిస్ కొండ అన్నిచోట్లా ఒకేలా గరుకుగా ఉంటుంది. దానికి వాన తెలియదు, నది తెలియదు. ఇక్కడేమో పైన దాదాపు చదునైన రాతి నేల, ఉన్నట్టుండి నిలువు గోడ, అడుగున నది. ఆ ఆకారం ఒక కారణం వల్ల వచ్చింది, స్లయిడర్లు జరిపితే రాదు. కాబట్టి నేల ఆకారానికి నాయిస్‌ను వెనకాల కొండల్లో మాత్రమే వాడతాను, అదీ అసలు ఎత్తుల మీద కాస్త గరుకుదనం కోసం.

బుధవారం రాత్రి: అసలు ఎత్తులు తెచ్చుకోవడం

నేల ఎత్తుల డేటాను డెమ్ అంటారు. ప్రతి పిక్సెల్‌లో రంగు బదులు సముద్రమట్టం నుంచి ఎత్తు ఉంటుంది. ఎక్కువమంది వాడేది ఎస్‌ఆర్‌టీఎం, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచినది. మన ఇస్రోది కార్టోడెమ్, కార్టోశాట్-1 ఉపగ్రహం తీసిన జంట చిత్రాల నుంచి చేసినది, భువన్‌లో దొరుకుతుంది. రెండూ దాదాపు 30 మీటర్లకు ఒక పిక్సెల్.

క్యూజీఐఎస్‌లో మూడు పనులు చేశాను. మొదటిది, అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న డేటాను మీటర్లలోకి మార్చడం. గండికోట 78 డిగ్రీల రేఖాంశం దాటి కొద్దిగా తూర్పున ఉంది కాబట్టి యూటీఎం (భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర మండలం, దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. ఇది చేయకపోతే బ్లెండర్‌లో నేల పొడవు వెడల్పులు అటూ ఇటూ సాగిపోతాయి. రెండోది, కావలసిన 6 కిలోమీటర్ల చదరాన్ని కోసుకోవడం. మూడోది, 16 బిట్ పీఎన్‌జీగా ఎగుమతి చేయడం.

ఈ మూడోదాని దగ్గర కొంచెం ఆగాలి. 8 బిట్ బొమ్మలో 256 మెట్లే ఉంటాయి. నా చదరంలో అన్నిటికన్నా పల్లానికీ మిట్టకీ తేడా 300 మీటర్లు అనుకుంటే ఒక్కో మెట్టు 1.2 మీటర్లు. చదును నేల మీద అవి వరి మళ్లలా మెట్లుమెట్లుగా కనబడతాయి. 16 బిట్‌లో 65,536 మెట్లు, ఒక్కోటి అర సెంటీమీటరు కూడా ఉండదు. ఎవరి నేలైనా మెట్లుగా వస్తుంటే ముందు చూడాల్సింది ఇదే. రెండోది, బ్లెండర్‌లో ఆ బొమ్మ కలర్ స్పేస్. అది నాన్-కలర్ అని ఉండాలి. ఎస్‌ఆర్‌జీబీ అని ఉంటే బ్లెండర్ దాన్ని ఫొటో అనుకుని వెలుగు సర్దుతుంది, ఎత్తులన్నీ తప్పిపోతాయి.

బ్లెండర్‌లో 6,000 మీటర్ల ప్లేన్ (చదును పలక), దాని మీద బొమ్మలోని వెలుగును బట్టి నేలను లేపే డిస్‌ప్లేస్ మాడిఫయర్. మిడ్‌లెవెల్ సున్నా, స్ట్రెంగ్త్ అసలు ఎత్తు తేడా ఎన్ని మీటర్లో అంత. టెక్స్‌చర్ సెట్టింగుల్లో ఎక్స్‌టెన్షన్‌ను రిపీట్ నుంచి ఎక్స్‌టెండ్‌కు మార్చాలి, లేకపోతే ఒక అంచు ఎత్తు ఎదుటి అంచుకు అంటుకుని చుట్టూ ముళ్లు లేస్తాయి.

ప్లేన్‌ను ఎన్ని ముక్కలు చేయాలి? చాలామంది కళ్లు మూసుకుని పది లక్షల ముఖాల (చిన్న పలకల) దాకా పోతారు. 6,000 మీటర్లను 30తో భాగిస్తే 200. అంటే డేటాలో ఉన్నది 200 గుణించు 200, నలభై వేల ఎత్తులు. అంతకుమించి ఎన్ని ముక్కలు చేసినా కొత్త సమాచారం పుట్టదు, ఫైలు బరువెక్కుతుంది.

అదే రాత్రి, కొనసాగింపు: డెమ్‌లో గోడ ఎందుకు లేదు

నేల లేచింది. పీఠభూమి ఉంది, నది వంపు ఉంది, దూరపు కొండలు ఉన్నాయి. గండికోట మాత్రం లేదు. దాని స్థానంలో గుండ్రంగా, మెత్తగా ఒక వాగు ఉంది.

కారణం అంకెల్లోనే ఉంది. లోయ లోతు సుమారు 300 అడుగులు, సన్నటి చోట వెడల్పు కూడా అంతే అంటారు. అంటే 90 మీటర్లు, అంటే మూడు పిక్సెళ్లు. నిలువు గోడ ఒక పిక్సెల్‌లో అంచు మీద, పక్క పిక్సెల్‌లో అడుగున ఉన్నా, మధ్యలో బ్లెండర్ గీసే వాలు 72 డిగ్రీలకు మించదు. అసలు డేటాలో అదీ జరగదు. ఇరుకు లోయల్లోకి రాడార్ చూపు సరిగా దిగదు, ఖాళీలను పక్క ఎత్తులతో పూరిస్తారు. దిగుడు మూడు పిక్సెళ్ల మీద పరుచుకుంటే వాలు 45 డిగ్రీలకు పడిపోతుంది. గోడ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

డెమ్‌ను తిట్టుకోనక్కర్లేదు. అది దూరానికి పనికొస్తుంది, దగ్గరకు రాదు, అంతే. ఇక్కడినుంచి పని రెండు దారులు: దూరం డేటాది, దగ్గర చేతిది.

శుక్రవారం: స్కేలు, కెమెరా

మీటరును మీటరుగానే ఉంచాలన్నది నా పట్టుదల. ఆరు కిలోమీటర్ల నేలను ఆరు యూనిట్లుగా కుదించి పనిచేసేవాళ్లున్నారు. వ్యూపోర్ట్‌లో, అంటే పని చేసుకునే తెర మీద, తేలికే. కానీ ఆకాశం, పొగమంచు, కెమెరా ఫోకస్ ఇవన్నీ అసలు కొలతలు అనుకునే లెక్కేస్తాయి; కుదిస్తే ప్రతిదానికీ మళ్లీ ఊహించి సర్దాలి. అసలు కొలతలతో వచ్చే చిక్కు ఒక్కటే. వ్యూపోర్ట్ డిఫాల్ట్‌గా 1,000 మీటర్ల అవతల ఏదీ చూపదు. ఎన్ కీ నొక్కి వ్యూ ట్యాబ్‌లో ఎండ్ విలువ 15,000 చేసుకోవాలి, స్టార్ట్ విలువను 0.1కి పెంచుకోవాలి. కెమెరాకు ఇదే సెట్టింగ్ వేరుగా ఉంటుంది, అక్కడా మార్చాలి. "వ్యూపోర్ట్‌లో కొండ కనబడుతోంది, రెండర్‌లో మాయమైంది" అంటే తొంభై పాళ్లు ఇదే. రెండర్ అంటే బ్లెండర్ లెక్కలన్నీ వేసి గీసే అసలు బొమ్మ.

ఇంకొకటి. యూటీఎంలో గండికోట భూమధ్యరేఖకు ఉత్తరంగా 16 లక్షల మీటర్ల పైన ఉంటుంది. ఆ అంకెనే బ్లెండర్‌లో స్థానంగా పెడితే ప్రతి బిందువూ 12 సెంటీమీటర్ల అంగల్లోకి దూకుతుంది, ఎందుకంటే 32 బిట్ ఫ్లోట్‌కు అంత పెద్ద అంకె దగ్గర అంతకన్నా సన్నటి కొలత లేదు. అందుకే నేల మధ్య బిందువును సున్నా దగ్గరకు తెచ్చుకోవాలి.

ఇక కెమెరా. నేల లేచిన వెంటనే, రంగులు వేయకముందే కెమెరా పాతేశాను: అంచు మీద, నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తున, ఉత్తరం వైపు చూస్తూ, 35 ఎంఎం లెన్సు. పక్కన 1.7 మీటర్ల మనిషి బొమ్మ ఒకటి నిలబెట్టాను. ఆఖరి బొమ్మలో ఉండడు, కానీ వాడు లేకుండా ఏ రాయి ఎంత ఉండాలో కన్ను చెప్పలేదు.

కెమెరా కుదిరాక వేసుకున్న చిన్న లెక్క ఈ ప్రాజెక్టు మొత్తాన్ని నడిపిస్తోంది. బ్లెండర్ కెమెరా సెన్సార్ వెడల్పు 36 ఎంఎం. కాబట్టి ఎంత దూరానికైనా కెమెరాకు కనబడే వెడల్పు ఆ దూరాన్ని 36తో గుణించి 35తో భాగిస్తే వస్తుంది. దాన్ని బొమ్మ వెడల్పు 1,920తో భాగిస్తే ఒక పిక్సెల్ ఎంత జాగాను పట్టుకుంటుందో తెలుస్తుంది.

ఎదురు గోడ నా కెమెరాకు 200 మీటర్లు. అక్కడ ఒక పిక్సెల్ అంటే దాదాపు 11 సెంటీమీటర్లు. వెనక కొండలు 4 కిలోమీటర్లు. అక్కడ పిక్సెల్ 2 మీటర్ల పైమాటే. కాళ్ల దగ్గరి రాయి 3 మీటర్లు, అక్కడ 1.6 మిల్లీమీటర్లు.

ఇప్పుడు పని తనంతట తనే మూడుగా విడిపోయింది. కొండల మీద చెట్టుకు ఆకులు అక్కర్లేదు, అసలు చెట్టే రెండు మూడు పిక్సెళ్లు. గోడ మీద జానెడు కన్నా సన్నటి పగులు చెక్కడం వృథా. కష్టమంతా పోయాల్సింది కాళ్ల దగ్గరి పది పన్నెండు మీటర్ల రాతి అంచు మీద. కొత్తవాళ్లు సరిగ్గా దీన్ని తలకిందులుగా చేస్తారు, వెనక పర్వతానికి వారం పెట్టి ముందు నేలకు ఒక గడ్డి టెక్స్‌చర్ పరిచేస్తారు.

తర్వాతి వారమంతా: గోడ

ముందు రాయి గురించి. గండికోట గోడను చాలామంది గ్రానైట్ అంటారు. కాదు, క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరకు పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్, కడప శిలా సముదాయంలోది. ఒకప్పటి ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి రాయి అయింది. పొరలు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటాయి, వాటిని నిలువు పగుళ్లు కోస్తాయి. నది అడుగు తొలిచేకొద్దీ రాయి ఆ పగుళ్ల వెంబడే దిమ్మెలుగా ఊడి పడుతుంది. అందుకే గోడ వాలిపోకుండా నిటారుగా నిలుస్తుంది, అందుకే అంచు మీద రాళ్లు మూలలు తీరి చదరంగా ఉంటాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల బండరాళ్లతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అవి గ్రానైట్; మూలలు అరిగి గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. కాబట్టి గండికోటకు గ్రానైట్ టెక్స్‌చర్ తెస్తే ఎంత నాణ్యమైనదైనా కన్ను ఒప్పుకోదు. పొరలున్న ఇసుకరాయి టెక్స్‌చర్ వెతుక్కోవడమే సరి.

గోడ కట్టిన తీరు ఇది. పైనుంచి చూస్తూ, ఉపగ్రహ చిత్రాన్ని నేల మీద పరిచి, లోయ అంచు వెంబడి ఒక గీత గీశాను. దాన్ని కిందికి రెండు అంచెలుగా లాగాను. పై అంచె నిలువుగా, కింది అంచె నది వైపు ఏటవాలుగా. ఆ ఏటవాలు భాగమే పడిన దిమ్మెల గుట్ట. గోడ నేరుగా నీళ్లలో దిగితే కాంక్రీటు ఆనకట్టలా ఉంటుంది; ఈ గుట్ట పెట్టగానే లోయ అయింది. డెమ్ నేలలో గోడకు అడ్డం వచ్చిన భాగాన్ని తీసేశాను.

తర్వాత జ్యామెట్రీ నోడ్స్, అంటే నోడ్లు కలిపి ఆకారాన్ని మార్చే పద్ధతి. సెట్ పొజిషన్ నోడ్‌తో గోడ ఉపరితలాన్ని దాని నార్మల్ దిశలో (ఉపరితలానికి లంబంగా) ముందుకూ వెనక్కూ జరపాలి. ఎంత జరపాలన్నది రెండు చోట్ల నుంచి వస్తుంది.

ఒకటి, అడ్డ పొరలు. బిందువు ఎత్తును, అంటే పొజిషన్‌లో జెడ్ విలువను, సున్నా నుంచి ఒకటి మధ్యకు తెచ్చి కలర్ ర్యాంప్‌లోకి పంపాను. ర్యాంప్ ఇంటర్‌పొలేషన్ కాన్‌స్టంట్. ఒక్కో పట్టీ ఒక్కో పొర; తెల్లగా ఉన్నది ముందుకు పొడుచుకొస్తుంది, నల్లగా ఉన్నది లోపలికి పోతుంది. పట్టీల మందం సమానంగా ఉండకూడదు, అదే కిటుకు. రెండు సన్నవి, ఒక మందపుది, మళ్లీ ఒక సన్నది. జెడ్ విలువకు ముందే చాలా కొద్దిగా నాయిస్ కలిపితే పొరలు రూలుకర్రతో గీసినట్టు కాకుండా సహజంగా ఊగుతాయి.

రెండోది, నిలువు పగుళ్లు. ఉపరితలాన్ని గడులుగా విడగొట్టే వొరనాయ్ టెక్స్‌చర్ నోడ్‌లో డిస్టెన్స్ డిఫాల్ట్‌గా యూక్లిడియన్. దానితో ఎండిన చెరువు నెర్రెల్లాంటి గడులు వస్తాయి. దాన్ని చెబిషెవ్‌కు మార్చితే గడులు పలకలు తీరతాయి. ర్యాండమ్‌నెస్‌ను 1 నుంచి 0.6 దగ్గరకు తగ్గించాను. మొత్తం నోడ్లన్నిటిలో నాకు బాగా నచ్చిన మార్పు ఇదొక్కటే: ఒక మెనూలో ఒక పేరు మార్చితే మట్టి కాస్తా దిమ్మెల రాయి అయింది. ఒక్కో గడి రంగును జరుగుడు విలువగా వాడాను, కొన్ని దిమ్మెలు అర మీటరు బయటికి, కొన్ని లోపలికి.

స్కేల్ గురించి ఒక మాట. వొరనాయ్, నాయిస్ నోడ్ల డిఫాల్ట్ స్కేల్ 5. రెండు మీటర్ల క్యూబు మీద అది బాగుంటుంది. మీటర్లలో కొలిచే లోయ మీద 5 అంటే 20 సెంటీమీటర్లకు ఒక గడి, గోడంతా ఇసుక చల్లినట్టు అవుతుంది. నాలుగు మీటర్ల దిమ్మె కావాలంటే స్కేల్ 0.25. నేల మీద 500 మీటర్ల గుట్టకు 0.002. ఒకటిని కావలసిన మీటర్లతో భాగించడమే, గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే.

టెక్స్‌చర్ అతికించడం ఇంకో తంటా. పైనుంచి యూవీ (బొమ్మ ఎక్కడ ఎలా అతకాలో చెప్పే పటం) పరిచిన నేలలో నిలువు గోడ మీద బొమ్మ కిందికి సాగి చారలు చారలవుతుంది. ఇమేజ్ టెక్స్‌చర్ నోడ్‌లో ఫ్లాట్‌ను బాక్స్‌గా మార్చి, బ్లెండ్ 0.2 పెట్టి, కోఆర్డినేట్లు ఆబ్జెక్ట్ నుంచి తీసుకుంటే మూడు పక్కల నుంచీ బొమ్మ పడుతుంది, యూవీతో పనే లేదు. ఆబ్జెక్ట్ స్కేల్ ఏదైనా మార్చి ఉంటే ముందు కంట్రోల్ ఏ నొక్కి అప్లై చేయాలి.

సోమవారం: రంగు

గోడకూ నేలకూ రంగును వాలు నిర్ణయిస్తుంది. నిటారుగా ఉన్నచోట మట్టి నిలవదు, రాయి కనబడుతుంది. చదునుగా ఉన్నచోట ఎర్రమట్టి, గడ్డి. జ్యామెట్రీ నోడ్ నుంచి నార్మల్ తీసుకుని సెపరేట్ ఎక్స్‌వైజెడ్‌కు ఇస్తే జెడ్ విలువ వస్తుంది. అది వాలు కోణానికి కొసైన్. చదును నేలకు 1, 30 డిగ్రీలకు 0.87, 45కు 0.71, 60కి 0.5, నిలువు గోడకు సున్నా. కలర్ ర్యాంప్‌లో 0.7 దగ్గర రాయికీ మట్టికీ హద్దు పెట్టి, హద్దు మీద నాయిస్ కలిపాను.

రాయి ఎరుపు దాని ఒంటి రంగు కాదు, పైన పట్టిన ఇనుము తుప్పు. కొత్తగా విరిగిన ముఖం లేతగా ఉంటుంది. కొన్ని దిమ్మెలను మాత్రం లేత రంగులో వదిలేస్తే గోడకు వయసు వచ్చింది. పైనుంచి వాన నీళ్లు కారిన నల్ల చారలు కూడా పెట్టాను, జెడ్ దిశలో బాగా సాగదీసిన నాయిస్‌తో.

గురువారం: మొక్కలు

ఇక్కడ నాకు సాయం జమ్మలమడుగు కుర్రాడొకడు. మోడలింగ్ నేర్చుకుంటున్నాడు, ప్రతి టెస్ట్ రెండర్ వాడికి పంపుతుంటాను. గోడ చూసి ఊ అన్నాడు. మొక్కలు వేసి పంపగానే ఫోన్ చేశాడు.

"అన్నా, రాయి సరిపోయింది గానీ, మా పక్క చెట్లు ఇంత పచ్చగా యాడుంటాయన్నా?"

"డిసెంబరు కదా, వానలు పడ్డాక."

"పడినా అంతే. కంపచెట్లు పెట్టు, జెముడు పెట్టు. ఆ గడ్డి ఎండబెట్టు."

వాడి మాట నిజం. నేను దింపుకున్న పొదలు ఎక్కడో చల్లటి దేశానివి, ఆకులు పెద్దవి, పచ్చదనం కడిగినట్టు మెరుస్తోంది. వాటిని తీసి సర్కారు తుమ్మను పోలిన సన్నాకుల పొదలు మూడు, నాగజెముడు ఒకటి సొంతంగా చేసుకున్నాను. జెముడు తేలిక, నొక్కిన గోళాలను ఒకదాని అంచు మీద ఒకటి నిలబెట్టడమే. ఆకు రంగులో పచ్చ తగ్గించి పసుపు, బూడిద కలిపాను. గడ్డి దాదాపు గోధుమ రంగు.

చల్లడానికి డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఆన్ ఫేసెస్, ఇన్‌స్టాన్స్ ఆన్ పాయింట్స్ నోడ్లు. ర్యాండమ్ బదులు పాయిసాన్ డిస్క్ పెట్టి కనీస దూరం మీటరున్నర ఇస్తే పొదలు ఒకదాన్నొకటి తొక్కుకోవు. సాంద్రతకు మళ్లీ అదే వాలు మాస్క్, దాని మీద పెద్ద స్కేలు నాయిస్. మొక్కలు అన్నిచోట్లా సమంగా ఉండవు, తడి ఉన్నచోట గుంపుగా, మిగతాచోట ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలే నిజమనిపిస్తాయి. ఇన్‌స్టాన్సులు, అంటే ఒకే మోడల్‌ను చూపించే నకళ్లు, కాబట్టి వేల పొదలున్నా మెమరీలో ఉండేది నాలుగు మోడళ్లే.

ఒక చిన్న సంగతి. వాలు మీద మొక్కను నేల నార్మల్‌కు తిప్పితే కొండ పక్కనుంచి అడ్డంగా మొలిచినట్టుంటుంది. చెట్టు ఎక్కడున్నా ఆకాశం వైపే పెరుగుతుంది. రొటేషన్‌లో జెడ్ చుట్టూ పూర్తిగా తిప్పి, మిగతా రెంటిలో ఐదారు డిగ్రీలు వంచితే చాలు. రాళ్లను మాత్రం నార్మల్‌కే తిప్పాలి.

నీళ్లు పెద్ద పనేం కాదు. ఒక చదును ప్లేన్, మామూలు మెటీరియల్ నోడ్ ప్రిన్సిపుల్డ్ బీఎస్‌డీఎఫ్, ఐఓఆర్ (వక్రీభవన గుణకం) 1.33, రఫ్‌నెస్ 0.08, సన్నటి బంప్. అంత దూరం నుంచి నీరు చేసేది గోడ ఎరుపును అద్దంలా చూపడమే.

శనివారం: ఎండ

లైటింగ్‌కు స్కై టెక్స్‌చర్ నోడ్, నిషితా రకం. సూర్యుడు, ఆకాశం రెండూ అందులోనే ఉంటాయి. సూర్యుణ్ని అందంగా కనబడినచోట పెట్టే బదులు అసలు ఎక్కడ ఉంటాడో లెక్కేశాను.

నా కెమెరా ఉత్తరం వైపు చూస్తోంది, కాబట్టి ఎదురు గోడ దక్షిణానికి తిరిగి ఉంది. గండికోట అక్షాంశం 14.8 డిగ్రీలు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా అక్కడ నడినెత్తి సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. మే నెల మిట్టమధ్యాహ్నం ఊరంతా మాడిపోతున్నా ఈ గోడ నీడలోనే ఉంటుంది. బొమ్మకు డిసెంబరే మంచిది. డిసెంబరు చివర్లో సాయంత్రం నాలుగుంబావుకు సూర్యుడు నైరుతిలో, సుమారు 20 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఎండ గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి రాసుకుంటూ పడుతుంది, ప్రతి దిమ్మె అంచూ పక్క దిమ్మె మీద నీడ వేస్తుంది. చెబిషెవ్ గడులకు పడ్డ కష్టం అప్పుడు కనబడుతుంది. ఈ లెక్కలు చేతితో వేయక్కర్లేదు, సన్ పొజిషన్ యాడ్-ఆన్‌లో అక్షాంశం, రేఖాంశం, తేదీ, వేళ ఇస్తే చాలు.

నిషితా ఆకాశం అసలు వెలుతురంత ప్రకాశంగా ఉంటుంది, మొదటిసారి పెట్టగానే బొమ్మ తెల్లబోతుంది. బ్యాక్‌గ్రౌండ్ స్ట్రెంగ్త్ 0.15 దగ్గరకు దించాను. 4.0 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న ఏజీఎక్స్ అనే రంగుల సర్దుబాటు ఎర్ర రాయిని కాస్త వెలవెలబోయేలా చేస్తుంది. కలర్ మేనేజ్‌మెంట్‌లో లుక్‌ను మీడియం హై కాంట్రాస్ట్ చేస్తే కుదురుకుంటుంది.

మసకకు వాల్యూమ్ (గాలి నిండా పొగ నింపడం) జోలికి పోలేదు. ఆరు కిలోమీటర్ల వాల్యూమ్‌ను బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో రెండర్ చేస్తే నా లాప్‌టాప్‌కు తెల్లారుతుంది, చుక్కలు చుక్కలుగా వస్తుంది. వ్యూ లేయర్‌లో మిస్ట్ పాస్ (దూరాన్ని బట్టి మసకను చూపే విడి పొర) టిక్ పెట్టి, వరల్డ్ ట్యాబ్‌లో స్టార్ట్ 300, డెప్త్ 6,000 ఇచ్చి, రెండరయ్యాక పొరలు కలిపే కంపోజిటర్‌లో దిగంతం దగ్గరి ఆకాశం రంగును దానితో కలిపాను. రాయలసీమ డిసెంబరు మసక నీలంగా ఉండదు, కాస్త దుమ్ము రంగు కలిసి ఉంటుంది. ఆకాశం కూడా మిస్ట్‌లో పూర్తిగా మునుగుతుంది కాబట్టి ఫిల్మ్‌లో ట్రాన్స్‌పరెంట్ పెట్టి, ఆకాశాన్ని విడిగా వెనక వేసుకోవాలి. కొండల మూడు వరసలు విడివిడిగా కనబడటం మొదలైంది ఇక్కడే.

ఆదివారం: మెమరీ చాలక

పూర్తి సైజు రెండర్ నొక్కగానే మెమరీ అయిపోయిందని ఎర్ర అక్షరాలు. నాలుగు జీబీ కార్డుకు ఇది మామూలే. కారణం ఎప్పుడూ మొక్కలే అనుకుంటారు, ఇక్కడ దోషి టెక్స్‌చర్లు. 4కే (పక్కకు 4,096 పిక్సెళ్ల) బొమ్మ ఒకటి కార్డులోకి విప్పుకుంటే 64 ఎంబీ, 8కే అయితే 256. ఫైలు సైజు జేపీజీలో చిన్నదిగా కనబడటం మీద భరోసా పెట్టుకోకూడదు. ఒక రాతి మెటీరియల్‌కు రంగు, రఫ్‌నెస్, నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ అని నాలుగు బొమ్మలు. అవి 8కేవైతే ఒక్క రాయికే ఒక జీబీ.

పిక్సెల్ లెక్క మళ్లీ తీశాను. గోడ దగ్గర పిక్సెల్ 11 సెంటీమీటర్లు కదా. 2కే బొమ్మను 40 మీటర్ల మీద పరిస్తే టెక్స్‌చర్ పిక్సెల్ 2 సెంటీమీటర్లు, అవసరానికి మించే. గోడవన్నీ 2కేకు దించాను, ఒక్కోటి 16 ఎంబీ. దూరపు నేలకు 1కే. 4కే ఉంచింది కాళ్ల దగ్గరి రాళ్లకే. తేడా ఎవరూ పట్టుకోలేరు, కుర్రాడూ పట్టుకోలేదు. కెమెరా వెనక చల్లిన పొదలను కూడా తీసేశాను, వాటిని చూసేవాళ్లు ఎవరూ లేరు.

టెస్ట్ రెండర్లన్నీ 25 శాతం సైజులో. పిక్సెళ్లు పదహారో వంతు, టైమూ దాదాపు అంతే తగ్గుతుంది. ఆఖరిదానికి నాయిస్ థ్రెషోల్డ్ 0.02, శాంపిళ్లు (ఒక్కో పిక్సెల్‌కు వెలుతురు లెక్కేసే సార్లు) 512 దాకా, మిగిలిన చుక్కలు తుడవడానికి ఓపెన్ ఇమేజ్ డీనాయిస్. డీనాయిస్ మీద మరీ ఆధారపడితే గడ్డి ముద్దయిపోతుంది, శాంపిళ్లు 100 లోపు పెట్టి దానికి అప్పగించడం నాకు నచ్చదు.

ప్రస్తుతం మిగిలినవి

దూరం, మధ్య భాగం అయిపోయినట్టే. కాళ్ల దగ్గరి రాతి అంచు సగంలో ఉంది. ఆరు దిమ్మెలను స్కల్ప్ట్ మోడ్‌లో చేతితో చెక్కుతున్నాను. వాటినే తిప్పి, పడుకోబెట్టి, తలకిందులు చేసి ముప్పై చోట్ల వాడొచ్చు. మూలలు విరిగిన తీరు కోసం అక్కడి ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తున్నాను. సందర్శకులు కూర్చుని కూర్చుని నున్నబడిన చోట్లు రఫ్‌నెస్ మ్యాప్‌లో కొంచెం తగ్గించాలి. ఎడమవైపు కోట గోడ ముక్క ఒకటి ఫ్రేములోకి రావాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వస్తే స్కేలు వెంటనే తెలుస్తుంది. కానీ రాతి కట్టడం మీదికే చూపు పోయి లోయ వెనకబడుతుంది. కుర్రాడు పెట్టమంటున్నాడు. వచ్చే శనివారం రెండు రకాలుగానూ 25 శాతంలో రెండర్ చేసి పక్కపక్కన పెట్టి చూస్తాం.